తేదీ లేని పటము

మాచర్ల గుంటూరు జిల్లాలో లేదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునందలి 13 జిల్లాలు 26గా విభక్తములైన నాటినుండి ఈ పట్టణము నరసరావుపేట కేంద్రముగా నేర్పడిన పల్నాడు జిల్లాకు చెందినది. ఈ సంగతి ఇక్కడివారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. కలెక్టరు కచేరీలో పని పడినప్పుడు వారు గుంటూరుదాక పోక నరసరావుపేటలోనే బస్సు దిగుచున్నారు. అయినను చేతిలోని ఫోను తెఱచి, ఈ పట్టణమందలి ఒక దుకాణమునో, ఒక వైద్యశాలనో, ఒక కల్యాణమండపమునో డిజిటల్ పటమునందు వెదకినయెడల, చిరునామా చివర 'గుంటూరు జిల్లా' యను మాట నేటికిని తఱచుగా కనబడుచున్నది. దీనికి యంత్రమును నిందించి ప్రయోజనము లేదు. ఎవరో ఒక ఉత్సాహవంతుడు ఆ దుకాణము ముందు నిలిచి, పైనున్న బోర్డును అక్షరము పొల్లుపోకుండ చూచి పటములో నెక్కించెను. బోర్డు వ్రాయించిన యజమానియో, జిల్లా మాఱినంతమాత్రమున పెయింటరును మరల పిలిపించి డబ్బు పోసికొనుటకు కారణము కానక ఊరకుండెను. ఇద్దఱిలో ఎవరును అబద్ధమాడలేదు. అబద్ధము మాత్రము పటములో స్థిరనివాసము చేసికొన్నది.

జిల్లా పేరు పాతదైనందువలన ఎవరును ఏటిలో పడరు గదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. నిజమే, ఉత్తరము 522426 అను పిన్‌కోడును పట్టుకొని వచ్చి చేరును, పార్సెలు తెచ్చిన కుఱ్ఱవాడు ఫోనుచేసి యడిగి వచ్చి చేరును. నేను ఈ స్వల్పదోషమును ముందుగా పేర్కొనుట దాని గురుత్వమునుబట్టి గాక దాని స్వభావమునుబట్టి. వ్రాసిననాడు సత్యమైయుండి, ఎవరును తాకకుండనే, కేవలము కాలము గడచుటచేత అసత్యముగా పరిణమించు విషయము పటమునందు కోకొల్లలుగా నుండును. అట్టివానిలో ఏది నిన్న చూచి వ్రాసినది, ఏది పదునైదేండ్లక్రిందట చూచి వ్రాసినది యని తెలిసికొనుటకు చూపరికి ఆ తెఱమీద ఏ గుఱుతును లేదు. నా ఫిర్యాదంతయు ఈ యొక్క లోపమును గూర్చినదే. పటము పాతబడుట నేరము కాదు. పాతబడినదని చెప్పకుండుట నేరము.

ప్రజలందఱు కూడి గీయు పటమను భావము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 2004లో ఇంగ్లండునందు స్టీవ్ కోస్ట్ అను యువకుడు, ఎవరి వీధిని వారు గీసి యెల్లరకును ఉచితముగా పంచిపెట్టవచ్చునను తలంపుతో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఆరంభించెను. మన దేశమునందో, సర్వే ఆఫ్ ఇండియావారి షీట్లు సామాన్యునికి సులభముగా లభించెడివి కావు. సముద్రతీరమునకును సరిహద్దులకును చేరువనున్న ప్రాంతముల షీట్లు మఱింత కట్టుబాటులో నుండెడివి. దొరకినవానిలోనైనను సందుగొందులు, దుకాణములు, బడులు ఎట్లుండును? ఈ కొఱతను తీర్చుటకై గూగుల్ సంస్థ బెంగుళూరు శాఖలో పనిచేయుచుండిన కాట్రగడ్డ లలితేశ్ అను ఇంజనీరు — ఇంటిపేరు వినగనే తెలుగువారికి ఒక విధమైన ఆత్మీయత కలుగును — తన సహచరులతో గలసి మ్యాప్ మేకర్ అను సాధనమును నిర్మించెను. అది 2008లో లోకమునకు వచ్చెను. అదే సంవత్సరమున నర్గీస్ తుపాను బర్మాను ముంచెత్తినప్పుడు, సహాయము కొనిపోవువారికి రోడ్లెక్కడనో ఆసుపత్రులెక్కడనో తెలుపు పటములు లేకపోవుటయు, స్వచ్ఛందముగా గీయువారు ఆ లోటును పూరించుటయు ఆయన 2009లో మైసూరున జరిగిన టెడ్ ఇండియా సభయందు వివరించెను. 2013లో ఆ సంస్థ మన దేశమున 'మ్యాపథాన్' అను పేర పటములు గీయు పోటీని నడపగా, సర్వే ఆఫ్ ఇండియావారు నియమోల్లంఘనము జరిగినదని ఫిర్యాదుచేసిరి. మ్యాప్ మేకర్ 2017లో మూతపడెను. దాని పని కొంత గూగుల్ మ్యాప్స్‌లోనే కలిసిపోయినది. కాని ఆ యేండ్లలో గీసిన గీతలు, పెట్టిన పేర్లు, గుఱుతించిన స్థలములు వేనవేలు.

అప్పటి ఉత్సాహమును నేను పరిహసింపను. తన ఊరు తెల్లని ఖాళీస్థలముగా నుండుట చూచి సహింపలేక, రాత్రులు మేల్కొని, రామాలయమునుండి రచ్చబండ వఱకు గీసి పెట్టిన విద్యార్థులు పల్లెపల్లెను ఉండిరి. కాని లేనిదానిని కల్పించుటలో నుండు సంతోషము ఉన్నదానిని కాపాడుటలో ఉండదు. మన పూర్వులు ఈ సంగతి నెఱుగుదురు. చెఱువు త్రవ్వించినవానికి శాసనము, కీర్తి, ఉభయలోకములందును పుణ్యము. ఆ చెఱువులో ఏటేటను చేరు ఒండును తీయువానికి ఏమి గలదు? ఏమియు లేదు గనుకనే, ఊరివారందఱు తలకొక చేయి వేసి కాలువలును కట్టలును బాగుచేసికొనవలెనను 'కుడిమరామతు' ఆచారమొకటి ఈ దేశమున ఏర్పడినది. ఆ ఆచారము సడలుచున్నదని తోచి మద్రాసు రాజధానియందు దొరతనమువారు 1858లో దానికి చట్టబలమును గూడ చేకూర్చవలసి వచ్చెను. పుణ్యమునకు వదలినచో పూడిక ఎవరును తీయరని ఆ దొరతనమువారు గ్రహించిరన్నమాట. నేటి డిజిటల్ పటమునకు త్రవ్వించినవారు లక్షలమంది గలరు. కుడిమరామతు లేదు.

పటము కాలముతోపాటు నడవకపోయినచో కలుగు అనర్థము ఎంతటిదో తెలిసికొనుటకు పల్నాడుకంటె తగిన సీమ దొరకుట కష్టము. ఏలయన, ఇక్కడ పేర్లు మాత్రమే గాదు, నేలయే మాఱినది. మాచర్లనుండి నాగార్జునసాగరు రోడ్డున పోయినచో విజయపురి సౌత్ వచ్చును. దాని ముందఱ కనబడు జలరాశిక్రింద, 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు సాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేయునాటికి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలములతో నాగార్జునకొండ లోయ యుండెను. 1926లో బయల్పడిన ఆ శిథిలములను, 1954 మొదలు 1960 వఱకు వేగిరముగా త్రవ్వి, తీయగలిగినవానిని తీసి, కొన్నింటిని కొండమీదికిని కొన్నింటిని ఒడ్డుననున్న అనుపునకును చేర్చి, మిగిలినదానిని నీటికి వదలిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. కొండ ద్వీపమైనది. త్రోవలు జలగర్భమున చేరినవి. ఊళ్ళు లేచిపోయినవి. అటు పిమ్మట ఏబదియేండ్లు తిరుగకమునుపే, ఇదే కృష్ణానదిమీద క్రిందుగా పులిచింతలవద్ద మఱియొక ఆనకట్ట లేచి 2013 డిసెంబరులో ప్రారంభోత్సవము జరుపుకొనినది; దాని జలాశయములో, కోహినూరు పుట్టినచోటని లోకము చెప్పుకొను కొల్లూరు మునిగినది.

ఇక అంతర్జాల పటములలోని ఊళ్ళ పేర్లు ఎక్కడినుండి వచ్చినవో విచారింపుడు. అన్నింటిని ఊరివారే వ్రాయలేదు. 1950 దశకమునందు అమెరికా సైన్యపు పటశాఖవారు, మన సర్వే షీట్లను ఆధారము చేసికొని, అంగుళమునకు సుమారు నాలుగు మైళ్ళ పరిమాణములో ఈ దేశమునంతటిని పటములుగా నచ్చువేసిరి; అట్టి పటములలోని పేర్లు స్థలనామముల పట్టికలకెక్కినవి; ఆ పట్టికలు ఉచితముగా లభించుటచే, క్రొత్త పటములు కట్టువారు పునాదిగా వానినే గ్రహించిరి. అందుచేతనే అప్పుడప్పుడు మన పల్లె పేరు మనమెన్నడును పలుకని తీరున, ఒక సైనికోద్యోగి చెవికి వినబడినట్లుగా, పటములో దర్శనమిచ్చుచుండును. సాగరు నిండకమునుపు కొలచిన షీటులో లోయ లోయగానే యుండును, ఊరు ఊరుగానే యుండును. అట్టి ఊరి పేరును నీటిమీదినుండి తుడిచివేయుటకు ఒక మనుష్యుడు పూనుకొనవలెను. తుడుచుట యనగా ఏమి? అక్కడ ఒక ఊరుండెనను జ్ఞాపకమును చెఱుపుటయు కూడదు. ఇప్పుడు ఉన్నదని చెప్పుటయు కూడదు. 'ఉండెను, ఈ సంవత్సరమున మునిగెను' అని వ్రాయుటకు పటములో చోటు గావలెను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అట్లు వ్రాయుటకు వీలున్నది, కాని చూపువారును చూచువారును అరుదు.

ఇది పురాతత్త్వవేత్తల ముచ్చట మాత్రమే కాదు. 2023 డిసెంబరులో తెలంగాణమున హుస్నాబాదు సమీపమున, తమిళనాడునకు చెందిన లారీయొకటి, రాత్రివేళ ఫోనులోని పటము చూపిన రోడ్డునే నమ్ముకొని పోయి పోయి గౌరవెల్లి జలాశయపు నీళ్ళలో దిగబడినది. ఒకప్పుడు అది రోడ్డే. జలాశయము వచ్చి దానిని మింగినది. పటము ఆ వార్తను వినలేదు. లారీలోనివారు బ్రదికి బయటపడిరి. ఆ అదృష్టము అందఱకు పట్టదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశమున బరేలీ ప్రాంతమునందు, రామగంగ నదిమీద వరదలకు తెగిపోయిన వంతెనను పూర్తిగా నున్నదని తలంచి కారు నడిపిన ముగ్గురు మరణించిరి. వంతెన తెగిన సంగతి ఆ ప్రాంతమున పశువులు కాయువారికి సైతము తెలియును. తెలిసినవానికిని తెలియనివానికిని మధ్య రోడ్డుకడ్డముగా ఒక గోడయైనను, ఒక హెచ్చరిక పలకయైనను లేకపోవుట పటముచేసిన తప్పు కాదనియు, రోడ్డును కట్టినవారిది మొదటి బాధ్యత యనియు నేను ఒప్పుకొందును. అయినను చీకటిలో తెలియని దారిన పోవువాడు ఈ కాలమున అడుగునది మనుష్యుని గాదు, ఫోనును. అది ఏమాత్రము సందేహింపక, ఆడగొంతుకతో, నేరుగా సాగిపొమ్మని చెప్పును. 'ఈ త్రోవను నేను ఆఱేండ్లుగా చూడలేదు' అని ఆ గొంతుక ఒక్కమాఱు పలికినచో, చోదకుని పాదము తనంతట బ్రేకుమీదికి పోవును.

నీళ్ళు మాత్రమే త్రోవలను మింగుననుకొనరాదు. పల్నాడు రాతిసీమ. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ళ సున్నము, ఈ చుట్టుపట్ల సిమెంటు ఫ్యాక్టరీలు ఎఱుగనివారు లేరు. క్వారీకి బండ్లు పోవు బాట ఆ క్వారీ పెరిగినకొలదియు జరుగుచుండును. నిరుడు ట్రాక్టరు నడచినచోట ఈ యేడు నలువదడుగుల గొయ్యి యుండవచ్చును. దూరమున ఏ నగరములోనో కూర్చుండి ఉపగ్రహచ్ఛాయాచిత్రముమీద గీత గీయు స్వచ్ఛందసేవకునికి, నేలమీది తెల్లని చాఱలన్నియు త్రోవలుగానే తోచును. అందులో ఏది పంచాయతీ రోడ్డు, ఏది సాగరు కుడికాలువ కట్ట, ఏది మేజరు కాలువ గట్టున రైతు తన ఎడ్లకొఱకు వదలుకొన్న బాట, ఏది క్వారీవాని సొంతదారి యనునది వాడెట్లెఱుగును? వాడు గీసిననాటి ఛాయాచిత్రమే అప్పటికి కొన్నేండ్ల పాతదై యుండవచ్చును. ఈ గీత దినము గడచినకొద్దియు స్థిరపడి, నీలిరంగు పూసికొని, యాత్రికుని అటు పంపుచుండును. చిలకలూరిపేట దాటి వచ్చు కొత్త కార్లు కాలువకట్టమీద ఎదురెదురుపడి, వెనుకకును ముందునకును పోలేక నిలుచుట చూచినప్పుడు, గట్టున గేదెలు మేపుకొను ముసలమ్మలు నవ్వుకొందురు. వారు మర్యాదస్థులు గనుక, నవ్వి ఊరకుండక దారియు చెప్పుదురు.

ఋతువుల మాట మఱియొకటి. మాచర్లను ఒరసికొని పాఱు చంద్రవంక ఎండకాలమున ఇసుక చాఱయే. వాన కురిసి, ఎగువనుండి నీరు దిగినప్పుడు చప్టాలమీదుగ పాఱును. ఎత్తిపోతలవద్ద అది దుముకుట చూచుటకు జనము వేలాదిగా వచ్చు దినములును, చుట్టుపట్ల వాగులు దాటరాకుండు దినములును ఒక్కటే! పటములో చప్టా పండ్రెండు నెలలును పొడిగానే యుండును. 2024 మే నెలలో కేరళమునందలి కోట్టయము జిల్లాలో, హైదరాబాదునుండి పోయిన యాత్రికుల కారు, వానకు పొంగిన కాలువలోనికి పటము చూపినట్లే పోయినది; నలుగురును దైవవశమున బయటపడిరి. నాగార్జునకొండకు పోవు లాంచీ సంగతియు అట్టిదే: అది నడచుట నీటిమట్టమునుబట్టి, గాలివాననుబట్టి, ఎక్కువారి సంఖ్యనుబట్టి యుండును, కొండమీది మ్యూజియమునకు శుక్రవారము సెలవు. పటములో ఎవరో ఏనాడో వ్రాసిన వేళలను చూచికొని పిల్లలతో సహా వచ్చి రేవున నిలువబడినవారు, అక్కడి ఉద్యోగిమీద కోపపడుదురు. ఆయన ఏమి చేయును? ఆయనను అడిగి ఎవరును వ్రాయలేదు.

ఇప్పుడు నా వాదమునకు మూలమైన విషయమునకు వచ్చుచున్నాను. పాతకాలపు కాగితపు పటమును చూచినవారు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సర్వే ఆఫ్ ఇండియా షీటు అంచున, కొలతలు ఏ సంవత్సరమున జరిగినవో, అచ్చు ఏ సంవత్సరమున పడినదో స్పష్టముగా నుండును. దానిని చేతబట్టి అడవికి పోవు గార్డు, 'ఇది నలువదియేండ్లనాటిది, బాట చెదరియుండును' అని మనసులో లెక్క వేసికొనియే పోవును. ఇంకను వెనుకకు పోయినచో, భారతదేశమునకు ప్రథమ సర్వేయరు జనరలుగా 1815లో నియుక్తుడైన కాలిన్ మెకంజీ దొరయు, ఆయనకు కుడిభుజములైన ఏలూరి కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామియు కనబడుదురు. వారు తమ మనుష్యులను ఊరూర త్రిప్పి, కరణములవద్దను వృద్ధులవద్దను వినినదానిని కైఫీయత్తులుగా వ్రాయించిరి. ఒక్కనికి తెలియనిదానిని పదుగురినుండి కూర్చుట యనుపనిని మనవారు రెండువందల యేండ్లక్రిందటనే చేసిరి. ఆ కైఫీయత్తులలో కట్టుకథలును గలవు, పొరబాటులును గలవు. అయినను పెక్కింటియందు ఏ ఊరివారు చెప్పినది, ఎవరు వ్రాసినది, ఏనాడు వ్రాసినది యని యుండుటచే, నేటి చరిత్రకారుడు వానిని పరీక్షించి, కొంత గ్రహించి, కొంత త్రోసివేయగలుగుచున్నాడు. సాక్షి పేరును తేదీయును ఉన్న పొరబాటు చరిత్రకు ముడిసరకగును. అవి లేని సత్యము సైతము కొన్నేండ్లకు దేనికిని కొఱగాదు.

డిజిటల్ పటములో ఈ గుఱుతులు లేకపోలేదు, చూపరికి చూపరు. వీధి ఛాయాచిత్రములకు నెల, సంవత్సరము వేయు గూగుల్ సంస్థయే, వీధికి మాత్రము వేయదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి గీత వెనుకను దాని మార్పుల చరిత్ర యంతయు భద్రముగా నుండును; ఎవరు ఎప్పుడు సవరించిరో చూడగోరువారు చూడవచ్చును. కాని ఇందొక సూక్ష్మము గలదు: సవరించిన తేదీ వేఱు, కంటితో చూచిన తేదీ వేఱు. ఎవరో విదేశమున కూర్చుండి మన రోడ్డు పేరులో ఒక అక్షరమును దిద్దినయెడల ఆ రోడ్డు తేదీ నేటిదగును. ఆ రోడ్డుమీది కల్వర్టు కూలి మూడేండ్లైన సంగతి వానికేమి తెలియును? అందుకనియే ఆ పటము నిర్వహించువారు 'పరిశీలించిన తేదీ' యని వేఱొక గడిని ఏర్పఱచిరి. స్ట్రీట్‌కంప్లీట్ అను ఉచితమైన యాప్, నడచిపోవువానిని 'ఈ దుకాణ మింకను ఉన్నదా, ఈ దారికి తారు వేసిరా' యని ఒక్కొక్క ప్రశ్నగా నడిగి, ఆ గడులను నింపును. మెచ్చదగిన పద్ధతి. మాచర్ల వీధులలో దానిని పట్టుకొని తిరుగువారు ఎందఱుందురో పాఠకులే యూహింపగలరు.

మహానగరములలో ఈ దోషము తనంతట కొంత నయమగుచుండును. హైదరాబాదున ఒక రోడ్డు మూసినయెడల, వేలకొలది ఫోనులు ఒక్కమాఱుగా వేఱుదారి పట్టుటను కంపెనీ యంత్రములు పసిగట్టి గంటలో పటమును మార్చును. ఈ సీమలోని దుర్గి మండలమునందలి పల్లెదారిన దినమునకు నడచు ఫోనులెన్ని? అవి ఆగినవో, యజమాని మామిడిచెట్టుక్రింద కునుకు తీయుచున్నాడో యంత్రమెట్లు నిర్ణయించును? ఇక ఒక్కడు సాహసించి సవరణ పంపినను, వానికి తోడుపలుకువారు లేకపోవుటచే, ఆ సవరణ 'పరిశీలనలో నున్నది' అను మాటవద్దనే నిలిచిపోవుట కద్దు. ఎక్కడ జనమెక్కువయో అక్కడ పటము యౌవనముతో నుండును. ఎక్కడ తక్కువయో అక్కడ వృద్ధమగును. 2011 జనగణనలో 57 వేలకు పైబడిన జనముగల పట్టణమునకే ఇట్టి యవస్థ యైనచో, నల్లమల అంచున నున్న తండాల మాట చెప్పనేల? పైగా మూలమున ఒకచోట దిద్దిననుగూడ, దానినుండి నకళ్ళు తీసికొనిన యాప్‌లెన్నియో తమ పాత నకలునే చూపుచుండును. తప్పు ఒక ఊరిదే యైనను దానికి చిరునామాలు అనేకము.

ప్రజలు గీసినందుననే ఈ తప్పులు, ప్రభుత్వమువారు గీసినచో ఉండవని తలచువారు కొందఱున్నారు. వారికి ఒక చిన్న ఉదాహరణము: 2019 నవంబరులో, జమ్మూకాశ్మీర విభజనానంతరము, సర్వే ఆఫ్ ఇండియావారు వెలువరించిన దేశపటములో ఆంధ్రప్రదేశమునకు రాజధానియే లేకపోయెను. అప్పటి గుంటూరు లోక్‌సభ సభ్యులు గల్లా జయదేవ్ సభలో ఈ విషయము నెత్తగా, అమరావతిని చేర్చిన పటము ఆ నెలలోనే వెలువడెను. దేశమునందలి సర్వోన్నత సభలో ఒక సభ్యుడు లేచి అడిగిననే గాని కదలని చుక్కను, ప్రజల పటములో ఒక విద్యార్థి క్షణములో పెట్టగలడు. జాతీయరహదారుల సంఖ్యలు 2010లోనే మాఱినను, మనము నేటికిని విజయవాడ రోడ్డును తొమ్మిదో నంబరనియు, మద్రాసు రోడ్డును ఐదో నంబరనియు పిలుచుచున్నాము గదా. పాతను పట్టుకొని వ్రేలాడుట ఏ యొక్కరి సొత్తును కాదు. కావున లోపము ప్రజల చేతులలో లేదు, వారికి వార్త నందించువారు లేకపోవుటలో నున్నది. జిల్లాలను మార్చు గెజిట్ వచ్చును, పంచాయతీలు పురపాలికలో కలియును, కల్వర్టు కూలును, రోడ్డు మూయుదురు. ఈ నిర్ణయములన్నియు ఎవరో ఒక అధికారి సంతకముతోనే జరుగును. ఆ సంతకము కాగితముమీదనే ఉండిపోవును. పటము గీయువానికి అందునట్లు, అక్షాంశ రేఖాంశములతో, తేదీతో, యంత్రము చదువగల రూపమున దానిని ప్రకటించు ఏర్పాటు లేదు.

ఇందుకు చట్టము అడ్డమనుటకు వీలులేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము పటముల తయారీపైనున్న అనుమతుల కట్టుబాట్లను చాలవఱకు సడలించినది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానమును వెలువడినది. డబ్బు కొఱతయనుటయు కుదురదు. ఈ రాష్ట్రమున 2019 అక్టోబరు 2వ తేదీనుండి గ్రామ, వార్డు సచివాలయములున్నవి; గ్రామమునందు సర్వేయరు, డిజిటల్ అసిస్టెంటు, పట్టణమునందు ప్రణాళికా కార్యదర్శి యని ఉద్యోగులున్నారు. వారు గూగుల్‌కు ఉద్యోగము చేయవలెనని నేననను. ఒక ప్రైవేటు కంపెనీ పటమును దిద్దుటకు ప్రజాధనమేల యను ప్రశ్న న్యాయమైనది. వారు తమ సచివాలయపు పరిధిలో మాఱినదానిని, మూసినదానిని, కూలినదానిని, క్రొత్తగా కట్టినదానిని నెలకొకమాఱు బహిరంగముగా ప్రకటించిన చాలును. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌వారును, గూగుల్‌వారును, మఱియెవరైనను అక్కడినుండి గ్రహింతురు, గ్రహింపనివారిని నిలదీయుటకు ప్రజలకు ఆధారమైనను ఉండును. కంపెనీలనుండి కోరవలసినది వేఱు: ప్రతి రోడ్డునకును, ప్రతి వంతెనకును, చివరిసారి నిర్ధారణమైన సంవత్సరమును చూపరికి చూపవలెను, అది కొన్నేండ్లు మించినచో గీతరంగు మార్చవలెను, రాత్రివేళ అట్టి దారిన పంపునప్పుడు నోరు తెఱచి చెప్పవలెను. ఇది వారికి సాధ్యము కానిది కాదు. రోడ్డుమీది ట్రాఫిక్ ఎంత ఎఱ్ఱగా నున్నదో క్షణక్షణమును చెప్పగలవారు, ఆ రోడ్డును గూర్చిన తమ జ్ఞానమెంత పాతదో చెప్పలేరా?

భూములను మరల కొలుచు కార్యక్రమమును ఈ రాష్ట్రమున 2020 డిసెంబరులో ఆరంభించిరి. డ్రోనులు ఎగిరినవి, రోవర్లు వచ్చినవి. ప్రభుత్వము మాఱినప్పుడు పథకము పేరును, సరిహద్దురాళ్ళమీది బొమ్మలును వివాదగ్రస్తములైనవి. ఆ కథ ఇక్కడ అప్రస్తుతము. గ్రామ సర్వేయరు చేతికి సెంటీమీటర్లలో కొలుచు సాధనము వచ్చినదనునది మాత్రము నిజము. అతడు పొలముల గట్లు కొలుచుటకు వాగు దాటి పోవునప్పుడు, కూలిన చప్టాను కంటితో చూచుచునే యున్నాడు. దానిని ఫొటో తీసి, స్థలమును గుఱుతించి, తేదీ వేసి పంపుటకు పది నిమిషములు చాలును. ఎక్కడికి పంపవలెనో చెప్పు సర్క్యులరు ఒకటి అతనికింకను రాలేదు.